పెరట్లో పిచ్చుకలు నిజంగా తగ్గాయా? లెక్క ఎలా పెట్టాలి, తిరిగి రావాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కరీంనగర్‌లో రెండొందల గజాల ఇల్లు. ముందు వేప, వెనక జామ, కరివేపాకు. చిన్నప్పుడు పెంకుటింట్లో పిచ్చుకలు వంటింట్లోకి కూడా వచ్చేవి. ఇప్పుడు స్లాబు మీద పావురాలు తప్ప ఏమీ కనబడడం లేదు. ఇది నిజంగా వచ్చిన మార్పా, మనకే అలా అనిపిస్తోందా? పిచ్చుకలు మళ్లీ రావాలంటే ఏం పెట్టాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ఇంటి సంగతి మీ జ్ఞాపకం తేల్చలేదు, దేశమంతటికీ కలిపి వచ్చే నివేదికలూ తేల్చలేవు. వారానికోసారి, ఒకే చోట కూర్చుని, పదిహేను నిమిషాలు చూసి, కనబడని పిట్టకు సున్నా వేస్తూ రాసిన నోటుబుక్కు ఒక్కటే తేలుస్తుంది. అదీ కనీసం మూడేళ్లు రాయాలి. ఇక పిచ్చుకల మాటకొస్తే, గూటిపెట్టె కొనే ముందు మీ ఇంటి చుట్టూ కిలోమీటరు లోపల పిచ్చుకలు ఉన్నాయో లేదో తిరిగి చూడండి. లేకపోతే ఎంత మంచి పెట్టె పెట్టినా ఖాళీగానే ఉంటుంది. ఉంటే మాత్రం గూటి కంటే ముందు చూసుకోవాల్సింది పిచ్చుక పిల్లల తిండి, అంటే పురుగులు.

జ్ఞాపకం ఎందుకు పనికిరాదంటున్నానో చెప్తాను. పిచ్చుక గుంపుగా ఉండే పిట్ట, ఇంట్లోకి వచ్చే పిట్ట. పది ఉంటే వంద ఉన్నట్టు గుర్తుంటుంది. అదే కాలంలో పెరట్లో తిరిగిన దర్జీ పిట్ట మీకు గుర్తే ఉండదు, ఎందుకంటే దాన్ని ఎవరూ చూడరు. గొంతు మాత్రం వింటారు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు కూడా "అప్పట్లో ఎక్కువ ఉండేవా?" అని అడగకండి, అందరూ అవుననే అంటారు. ఇలా అడగండి: గూడు ఎక్కడ పెట్టేవి, దూలం సందులోనా, ఫొటో వెనకా? బియ్యం చెరిగేటప్పుడు చాట దగ్గరికి వచ్చేవా? పెంకులు తీసి స్లాబు ఏ ఏడు వేశారు? వేశాక ఎన్నేళ్లు కనబడ్డాయి? ఈ జవాబుల్లోంచి అంకెలు రావు గానీ, మార్పు ఎప్పుడు మొదలైందో, దేని తర్వాత మొదలైందో తెలుస్తుంది. స్లాబు వేసిన ఏడాదే పోయాయంటే కథ ఒకటి. స్లాబు వేశాక పదేళ్లు ఉండి తర్వాత పోయాయంటే కథ వేరు.

దేశం లెక్కలు కూడా ఒకసారి చెప్పుకుందాం. పక్షుల్ని చూసేవాళ్లు పంపిన జాబితాల ఆధారంగా 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక ఊరపిచ్చుక దేశం మొత్తం మీద దాదాపు నిలకడగానే ఉందని చెప్పింది. ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గింది, వాటిలో హైదరాబాద్ ఒకటి. 2023లో అదే నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది. పావురం, కోకిల, నెమలి బాగా పెరుగుతున్నవాటిలో ఉన్నాయి. మన తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట తగ్గుతున్నవాటిలో ఉంది. కాబట్టి "పిచ్చుక అంతరించిపోతోంది" అని మార్చి 20న, ప్రపంచ పిచ్చుకల దినానికి వచ్చే పోస్టర్లు సగమే నిజం. అలాగని ఆ నివేదిక మీ వీధి గురించి ఏమీ చెప్పదు. కరీంనగర్ అటు మహానగరమూ కాదు, ఇటు పల్లెటూరూ కాదు. అక్కడ ఏం జరుగుతోందో అక్కడివాళ్లు రాస్తేనే తెలుస్తుంది.

లెక్క పెట్టే పద్ధతి

కూర్చునే చోటు ఒకటి ఖాయం చేసుకోండి. వెనక మెట్లు కావచ్చు, వంటింటి కిటికీ కావచ్చు. ఒకసారి ఎంచుకున్నాక మార్చొద్దు. అక్కడి నుంచి కనబడే హద్దు కూడా మొదటిరోజే రాసుకోండి: జామ చెట్టు, ప్రహరీ, పక్కింటి నీళ్లట్యాంకు వరకు. రెండేళ్ల తర్వాత పక్కింటివాళ్లు ఇంకో అంతస్తు వేస్తే మీకు కనబడే ఆకాశం సగం పోతుంది, గద్దలూ చిలకలూ "తగ్గిపోతాయి". నిజానికి తగ్గింది మీ చూపు.

సమయాన్ని గడియారంతో కాకుండా సూర్యోదయంతో ముడిపెట్టండి. మీ దగ్గర మే చివర 5:40 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, జనవరిలో 6:45 దాటుతుంది. గంటకు పైగా తేడా. ఏడాది పొడుగునా ఏడింటికే కూర్చుంటే చలికాలంలో పిట్టలు అప్పుడే లేస్తుంటాయి, వేసవిలో సగం పని ముగించుకుని నీడకు చేరే వేళ అవుతుంది. పొద్దు పొడిచిన అరగంటకు మొదలుపెట్టి పదిహేను నిమిషాలు చూడండి. ఆదివారం కుదిరితే ఆదివారమే. వాన పడుతున్నా, గాలి బాగా వీస్తున్నా సోమవారానికి వాయిదా వేయండి, వేసినట్టు రాయండి.

ఒక జాతికి ఒక అంకె. ఆ పదిహేను నిమిషాల్లో ఒకేసారి కంటపడ్డ గరిష్ఠ సంఖ్య ఆ అంకె. 6:20కి మూడు గోరింకలు, 6:26కి రెండు, 6:31కి నాలుగు కనబడితే తొమ్మిది కాదు, నాలుగు. వెళ్లినవే మళ్లీ వస్తుంటాయి కదా. బ్రిటన్‌లో 1979 నుంచి ఏటా జనవరిలో జరిగే తోటపక్షుల లెక్కింపులోనూ ఇదే నియమం. అక్కడున్న మన తెలుగువాళ్లు పాల్గొని ఉంటే ఇది తెలిసే ఉంటుంది. ఆ నియమం ఉండబట్టే పాత ఏళ్ల అంకెల్ని ఇప్పటివాటితో పోల్చగలుగుతున్నారు.

కనబడనిది, వినబడింది మాత్రమే అయితే పక్కన "వి" అని రాయండి. తల మీదుగా ఎగిరిపోయి పెరట్లో వాలనివాటికి "ఎ". ఈ తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, పెరడు మారిందా, ఊరు మారిందా అని విడదీసి చూడాలంటే ఇదే దిక్కు.

ఇక సున్నా. మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కొత్త పిట్ట కనబడ్డ రోజు రాస్తారు, ఏమీ కనబడని రోజు పుస్తకం తెరవరు. ఆర్నెల్లకు పుస్తకం నిండా పిట్టలే ఉంటాయి, దానర్థం ఎవరికీ తెలియదు. పదిహేను పదహారు మామూలు జాతుల పేర్లు నిలువు గళ్లలో ముందే రాసి పెట్టుకోండి: పిచ్చుక, గోరింక, పావురం, చిన్న గువ్వ, కాకి, పికిలిపిట్ట, రామచిలుక, తేనెపిట్ట, దర్జీ పిట్ట, కోకిల, జెముడుకాకి, పెద్ద నల్లంచి, లకుముకి, జాలెడేగ (పిట్టల్ని వేటాడే చిన్న డేగ), గద్ద. ప్రతి వారం ప్రతి గడిలో ఏదో ఒక అంకె పడాలి. ఖాళీ గడి అంటే "చూడలేదు", సున్నా అంటే "చూశాను, లేదు". ఈ రెండూ ఒకటి కావు.

అడుగున రెండు గీతల చోటు వదిలి, ఆ వారం చుట్టుపక్కల జరిగినవి రాయండి. పక్క స్థలంలో పునాది తీశారు, ఎదురింటి చింతచెట్టు కొట్టారు, దోమల పొగ బండి వచ్చింది, కొత్త పిల్లి. మూడేళ్ల తర్వాత పిట్టల అంకెల కంటే ఈ గీతలే ఎక్కువ అక్కరకొస్తాయి.

ఫోనులోనే రాయాలనుకుంటే ఈబర్డ్ ఆప్ తెలుగువాళ్లు చాలామంది వాడుతున్నారు, ఉచితం, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. చూసిన జాతులన్నీ రాశారా అని అడిగినప్పుడు అవును అనగలిగే జాబితాలే పంపండి. నచ్చిన పిట్టల్ని మాత్రమే పంపితే అది లెక్కకు రాదు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల లెక్కింపు మొదలుపెట్టడానికి మంచి సందర్భం. అయినా నోటుబుక్కు మానొద్దంటాను. చింతచెట్టు కొట్టేసిన సంగతికి ఆప్‌లో విడిగా గడి ఉండదు.

అంకెలు చదివేటప్పుడు

వారం వారం చూసి కంగారు పడకండి. మూడు నెలలకు పదమూడు వారాలు. పోయినేడు జనవరి నుంచి మార్చి దాకా పదమూడింట అయిదు వారాలు పిచ్చుక కనబడింది, ఈ ఏడు మూడు వారాలే కనబడింది అనుకోండి. అది ఏమీ కాదు, యాదృచ్ఛికం. పది నుంచి మూడుకు పడితే ఆలోచించాలి. అలా రెండేళ్లు వరసగా పడితే నిజమే అనుకోవచ్చు. ఎప్పుడూ ఒకే కాలాన్ని ఒకే కాలంతో పోల్చండి. మే నెలను నవంబరుతో పోలిస్తే తేలేది ఋతువే.

లెక్కను చెడగొట్టేవి ఇంకొన్ని ఉన్నాయి. మొదటి ఏడు మీకు పది పిట్టలు తెలుస్తాయి, మూడో ఏడు ముప్ఫై. జాతులు పెరిగాయని సంబరపడతారు, పెరిగింది మీ కన్ను. అందుకే పోలికకు మొదటిరోజు నుంచీ కచ్చితంగా గుర్తుపట్టగలిగిన జాతులనే తీసుకోండి. అరవై దాటినవాళ్లకు సన్నని గొంతులు వినబడడం తగ్గుతుంది. తేనెపిట్ట, బదనిక పళ్లు తినే ఆ బొటనవేలంత పూలపిట్ట ముందు జాబితాలోంచి మాయమవుతాయి. చెట్టు మీద మాత్రం అలాగే ఉంటాయి. మధ్యలో గింజల పళ్లెం పెట్టడం మొదలుపెడితే ఆ తేదీ ఎర్ర సిరాతో రాయండి. అక్కడి నుంచి అది కొత్త లెక్క.

మెర్లిన్ ఆప్ గొంతు విని పేరు చెప్తుంది కదా, దాన్నే రాసేయొచ్చా అని అడుగుతుంటారు. సాయం తీసుకోండి, కళ్లతో చూసి రాయండి. చీలిక తోక ఉండే నల్లపిట్ట పసుల పోలిగాడు జాలెడేగ గొంతును అచ్చంగా అనుకరిస్తుంది, గోరింకలూ తక్కువ తినలేదు. ఉడుత "చిక్ చిక్ చిక్" అని తెగ అరిచినప్పుడు పిట్టే అనుకుని చెట్టంతా వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పిచ్చుక అని రాసే ముందు పిచ్చుకేనా అని చూడండి. మగదానికి నెత్తి బూడిద రంగు, కంటి వెనక నుంచి మెడ దాకా ఇటుక రంగు, గడ్డం కింద నల్ల మచ్చ. ఆడది మొత్తం గోధుమ రంగే, కంటి వెనక లేత గీత ఉంటుంది. గూళ్లు కట్టని కాలంలో గిజిగాళ్లు కూడా దాదాపు ఇలాగే కనబడతాయి. వాటి ముక్కు ఇంకాస్త మొద్దు, తోక పొట్టి. గడ్డిగింజలు తినే మునియా పిట్టలు పిచ్చుక కంటే చిన్నవి. బాల్కనీలో కుండీ మొక్కల్లో గడ్డి ఈనెలతో బంతిలాంటి గూడు కడితే అది మునియాదే, పిచ్చుకది కాదు. పిచ్చుక బయట కొమ్మ మీద గూడు కట్టడం చాలా అరుదు, దానికి కంత కావాలి. తేనెపిట్ట మగది కూడా మోసం చేస్తుంది. జతకట్టే కాలంలో నల్లగా ఊదారంగులో మెరుస్తుంది, ఆ తర్వాత ఈకలు మార్చుకుని ఆడదానిలా పసుపు పొట్టతో, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల చారతో తిరుగుతుంది. చాలామంది దాన్ని ఇంకో జాతిగా రాసేస్తారు.

తేదీల మార్పు కూడా చూడదగ్గదే. కోకిల కూత మొదటిసారి విన్న తేదీ రాయండి. ఉగాదికి కోకిల "వస్తుంది" అంటాం గానీ అది ఎక్కడికీ పోదు, మిగతా నెలల్లో నోరు మూసుకుని మీ వేపలోనే ఉంటుంది. కూసేది నల్లని మగది. ఒళ్లంతా తెల్లని చుక్కలున్న ఆడది "కిక్ కిక్ కిక్" అని గోల చేస్తుంది. కోకిల పెరగడానికి కారణం వెతకాలంటే కాకి గూళ్లను కూడా లెక్కపెట్టండి, దాని పిల్లల్ని పెంచేది కాకే. చలికాలపు అతిథుల్లో మీ పెరట్లో కచ్చితంగా వెతకాల్సింది పొదల్లో తిరిగే ఒక గోధుమ రంగు చిన్న పిట్ట, బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. చూడడం కష్టం. మల్లెపొదలోంచి ఎవరో నాలుకతో "చక్... చక్" అన్నట్టు వినబడితే అదే. సెప్టెంబరులో వచ్చి ఏప్రిల్ దాకా ఉంటుంది. తోక ఊపుతూ మేడ మీద నీళ్ల చెమ్మ దగ్గర నడిచే బూడిద రంగు, పసుపు పిట్టా దాదాపు అప్పుడే దిగుతుంది. వచ్చిన తేదీతో పాటు చివరిసారి కనబడ్డ తేదీ కూడా కావాలి. ఈ రెండోది అందరూ మరిచిపోతారు.

పావురాలు ఎందుకు పెరిగాయి, పిచ్చుక ఎందుకు పెరగలేదు

ఇద్దరికీ గింజలే కదా తిండి, మరి ఒకటి పెరిగి ఒకటి తగ్గడమేమిటి అని మీరు అడిగారు. తేడా పిల్లల నోట్లో ఉంది. పావురం తల్లీ తండ్రీ ఇద్దరి గొంతు కింది సంచిలోనూ పెరుగులాంటి పదార్థం తయారవుతుంది. మొదటి రోజుల్లో పిల్లకు అదే తిండి. కూడలిలో ఎవరో పోసిన జొన్నలు తిని ఆ పాలు తయారు చేసుకోగలదు. పురుగుతో పనిలేదు, మట్టితో పనిలేదు, ఏడాది పొడుగునా రెండేసి గుడ్లు. అపార్ట్‌మెంటు కిటికీ అంచు దానికి కొండ చరియతో సమానం.

పిచ్చుక పెద్దదయ్యాక గింజలు తింటుంది గానీ, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు గింజ అరగదు. మెత్తని గొంగళిపురుగులు, పేనుబంక, సాలెపురుగులు, చిన్న మిడతలు కావాలి. పిల్ల రెండు వారాలు గూట్లో ఉంటుంది, అందులో మొదటి వారం మరీ కీలకం. బ్రిటన్‌లో లెస్టర్ నగరంలో చేసిన అధ్యయనంలో పురుగులు కరువైన చోట పిల్లలు గూళ్లలోనే ఆకలితో చనిపోవడం కనబడింది. ఆ తర్వాత లండన్‌లో పిచ్చుకలకు పురుగులు విడిగా పెట్టి చూశారు. ఎగిరిపోయే పిల్లలు పెరిగాయి, పెద్ద పిచ్చుకల సంఖ్య మాత్రం అనుకున్నంత పెరగలేదు. అంటే పురుగులొక్కటే కారణం కాదు. మన దగ్గర పెంకుటింటి చూరు పోయింది. కిరాణా కొట్టు ముందు మూతి విప్పిన బస్తాలు పోయి ప్యాకెట్లొచ్చాయి. చాటతో చెరిగి నూకలూ పురుగులూ వాకిట్లో పోసే పని పోయింది. వాకిలంతా బండ పరుచుకుంది. ఇవన్నీ పది పదిహేనేళ్ల వ్యవధిలోనే జరిగాయి. సెల్ టవర్లు వచ్చిందీ అప్పుడే కాబట్టి నింద వాటి మీద పడింది. టవర్ వల్లే పిచ్చుకలు పోయాయని రుజువైన సంగతి లేదు. టవర్ కిందనే ఉన్న కొట్టు షట్టరు పెట్టెలో పిల్లల్ని లేపే పిచ్చుకల్ని ఎన్ని ఊళ్లలోనైనా చూడొచ్చు.

పురుగుల వాదనకు ఒక చిక్కు కూడా చెప్పాలి. గోరింక పిల్లలకూ పురుగులే కావాలి, అయినా గోరింకలు బాగానే ఉన్నాయి. అది దూరం పోయి చెత్తకుప్ప, పశువుల పేడ, నీళ్లు పెట్టిన పచ్చిక అన్నీ గాలించి తెస్తుంది. పిచ్చుక గూటికి దగ్గర్లోనే వెతుక్కుంటుంది. అందుకే మీ పెరడు, మీ రెండు పక్కల పెరళ్లు దానికి ప్రపంచం.

ఇక చేయాల్సినవి

ముందు ఒక సాయంత్రం తిరగండి. బస్టాండు, కూరగాయల మార్కెట్, రైల్వే స్టేషన్, పాత కిరాణా వీధి, బియ్యం మిల్లు. పొద్దు గూకే ముందు దట్టమైన పొదలోనో కాగితంపూల తీగలోనో గుంపుగా చేరి కిచకిచమని గోల చేస్తాయి. ఒక కాలనీ దొరికితే అది మీ ఇంటికి ఎంత దూరమో చూడండి. అయిదొందల మీటర్లయితే ఆశ ఉంది. రెండు కిలోమీటర్లయితే పిచ్చుకలకు ఖర్చు పెట్టకుండా నీళ్లు, మొక్కలతో సరిపెట్టుకోండి. పికిలిపిట్టలు, దర్జీ పిట్టలు ఎలాగూ వస్తాయి.

పురుగుల కోసం చేయాల్సింది మానేయడమే ఎక్కువ. కరివేపాకుకు, మందారకు మందు కొట్టడం మానండి. మందార చిగురు మీద పేనుబంక పట్టిందంటే పిచ్చుక పిల్లలకు అది కంచం. ఒక మూల రెండు మీటర్లు పొడుగు, ఒక మీటరు వెడల్పు స్థలంలో బండలు తీయించి, ఊడ్వకుండా, గడ్డినీ రాలిన ఆకునీ అలాగే వదిలేయండి. గోరింటాకు పొదో, దానిమ్మో గుబురుగా పెంచండి. దాక్కోవడానికి చోటు లేని పెరట్లో జాలెడేగ భయానికి పిచ్చుక దిగదు. పక్కనే రెండడుగుల చదరంలో మెత్తటి పొడిమట్టి అయిదు సెంటీమీటర్ల మందాన పోసి ఉంచండి. మట్టిస్నానానికి దిగుతాయి. దిగాయంటే చిన్న చిన్న గుంటలు పడి ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక.

నీళ్లకు వెడల్పాటి మట్టి మూకుడు చాలు. లోతు మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు, మధ్యలో ఒక గరుకు రాయి. నున్నటి స్టీలు గిన్నె, ప్లాస్టిక్ టబ్బు వద్దు. కాలు జారుతుంది, మేలో నీళ్లు కాగిపోతాయి. పొదకు రెండు మీటర్ల దూరంలో, నీడలో పెట్టండి. మరీ ఆనుకుని పెడితే పిల్లికి మాటు దొరుకుతుంది. నీళ్లు రోజూ మార్చండి. రెండు రోజులకోసారి పీచుతో అంచులు గట్టిగా రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు నీళ్లలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి ఇలా రుద్దితే ఇబ్బంది లేదు.

తిండి: సజ్జలు, కొర్రలు, నూకలు. రోజుకు గుప్పెడు, గంటలో అయిపోయేంత. బ్రెడ్డు, ఉప్పు వేసిన అన్నం, కారప్పూస వద్దు. నేల మీద పోస్తే పావురాలకు పెట్టినట్టే. వరికంకుల కుచ్చు చూరుకు వేలాడదీయడం మన గోదావరి జిల్లాల్లో పాత అలవాటు, అది ఇప్పటికీ అన్నిటికంటే మంచిది. ఊగే కంకి మీద పిచ్చుక వేలాడగలదు, పావురం నిలబడలేదు. వానలో తడిసి బూజు పట్టిన కంకులు తీసేయండి.

గూటిపెట్టె గురించి కొలతలతో చెప్తాను, ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. అడుగు లోపలి కొలత పదిహేను సెంటీమీటర్ల చదరం, ఎత్తు ఇరవై నుంచి పాతిక. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ లేదా పాత చెక్క. కంత సరిగ్గా 32 మిల్లీమీటర్లు, అడుగు నుంచి పదిహేను సెంటీమీటర్ల పైన. వడ్రంగి దగ్గర ఆ సైజు హోల్ సా (గుండ్రటి కంత కోసే రంపం) ఉంటుంది, "సుమారుగా" కోయనివ్వకండి. కంత 45 దాటితే గోరింక దూరుతుంది, ముందు గుడ్లు బయటికి పోతాయి. కంత కింద పుల్ల పెట్టొద్దు. పిచ్చుకకు అది అక్కర్లేదు, కాకికి మాత్రం నిలబడడానికి పనికొస్తుంది. లోపలి గోడ నున్నగా ఉంటే ఉలితో గీతలు పెట్టించండి, పిల్లలు పట్టుకుని పైకెక్కాలి. అడుగున అయిదేసి మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగు, కప్పు కింద గాలికి రెండు. కప్పు ముందుకు అయిదు సెంటీమీటర్లు పొడుచుకు రావాలి. లోపల రంగు వేయొద్దు.

తూర్పుకో ఉత్తరానికో తిప్పి, సన్‌షేడ్ కింద, పది పన్నెండు అడుగుల ఎత్తున గోడకు బిగించండి. తాడుకు కట్టి ఊగనివ్వకండి. పడమటి ఎండ తగిలే గోడ మీద పెట్టిన పెట్టెలో ఏప్రిల్లో పిల్లలు ఉడికిపోతాయి. రేకు పెట్టె, సిమెంటు గొట్టం అంతే. అట్టపెట్టె మొదటి వానకు విడిపోతుంది. మట్టికుండ మంచిదే గానీ దానికి 32 కంత పెట్టడం కష్టం, మూతి నుంచే రానిస్తే గోరింకలకే ఇల్లు. పిచ్చుకలు కలిసి బతుకుతాయి కాబట్టి ఒక్కటి కాదు, మూడు పెట్టండి, రెండు మూడు అడుగుల ఎడంతో. లోపల ఏమీ వేయకండి, గడ్డి అవే తెచ్చుకుంటాయి. రెండు వారాల్లో రావచ్చు, ఏడాది పట్టొచ్చు. రాలేదని నెలకోసారి చోటు మారిస్తే ఎప్పటికీ రావు. వరండాలో ఫ్యాను ఉన్న గదికి దగ్గరగా మాత్రం పెట్టొద్దు, లోపలికొచ్చి ఫ్యాను రెక్కలకు తగులుతాయి.

గుడ్లు మూడు నుంచి అయిదు, పొదగడం పన్నెండు రోజుల ప్రాంతం. ఆ నెలంతా మూత తెరిచి ఫొటోలు తీయకండి. పిల్లలు ఎగిరిపోయి మళ్లీ రాకపోకలు లేవని ఖాయమయ్యాక పాత గడ్డి తీసేసి, మరిగే నీళ్లు పోసి, ఎండబెట్టి, మళ్లీ బిగించండి. ఫినాయిల్, బొద్దింకల స్ప్రే వద్దు.

పావురాల విషయంలో నా మాట కాస్త కఠినంగా ఉంటుంది. గింజలు పోయడం ఆపండి, పక్కవాళ్లతోనూ మాట్లాడండి. ఏసీ బయటి యూనిట్ వెనక సందు మూయించండి. వల కట్టిస్తే 50 మిల్లీమీటర్ల కళ్లు ఉన్నది అడగండి, పావురం ఆగుతుంది, పిచ్చుక దూరిపోతుంది. ఇరవై మిల్లీమీటర్ల సన్న వల కడితే రెండూ ఆగుతాయి. వల బిగువుగా ఉండాలి, వదులైతే పిట్టల కాళ్లు చిక్కుకుంటాయి. కట్టే ముందు లోపల గుడ్లు, పిల్లలు లేవని చూసుకోండి. ఎండిన రెట్టను పొడిగా చీపురుతో ఊడ్వొద్దు. ఆ దుమ్ము అదేపనిగా పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని, తడిగా గీకి తీయండి.

చివర్లో అడిగారు కదా, జామచెట్టు కింద పిట్టపిల్ల పడి ఉంటే ఏం చేయాలని. ఒంటి నిండా ఈకలుండి, గెంతుతూ ఉంటే అది పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. పిల్లికి అందకుండా పొద మీదికి చేర్చి పక్కకు తప్పుకోండి, తల్లి అక్కడికే వచ్చి తినిపిస్తుంది. ఈకలు రాని పిల్లయితే గూడు వెతికి అందులో పెట్టేయండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు. ఇంట్లోకి తెచ్చి నోట్లో నీళ్లు మాత్రం పోయకండి, ఊపిరి గొట్టంలోకి పోయి చచ్చిపోతుంది.